పరిమితి ఉన్నా ఆగని వర్కర్ థ్రెడ్లు: లినక్స్ కెర్నల్‌లో ఒక లోపం, వరుస సవరణలు

లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ వంటి కెర్నల్‌లో, ఫైళ్లు చదవడం, రాయడం వంటి పనులకు నియోగించే వర్కర్ థ్రెడ్ల సంఖ్యపై ఒక గరిష్ఠ పరిమితి ఉంటుంది. ఆ పరిమితి సక్రమంగా అమలు కావడం లేదని 2021 ఆగస్టు, నవంబరు మధ్య ఒకటికి నాలుగుసార్లు బయటపడింది. ప్రతిసారీ సవరణ కొన్ని పంక్తులకు మించలేదు. ఒక సందర్భంలో లోపాన్ని సరిదిద్దేందుకు చేర్చిన పంక్తులే మరో లోపాన్ని తెచ్చిపెట్టాయి. ఒక అంకెను దాటవద్దని యంత్రానికి చెప్పడం ఇంత కష్టమెందుకైంది అన్నదే ఈ ఉదంతంలోని ఆసక్తికరమైన ప్రశ్న.

ఈ ప్రశ్న నిపుణులకు మాత్రమే పరిమితమైనది కాదు. ఇంటర్నెట్ సేవలను అందించే సర్వర్లలో అత్యధికం లినక్స్‌పైనే నడుస్తున్నాయి. ప్రపంచంలోని అగ్రశ్రేణి 500 సూపర్ కంప్యూటర్లన్నీ 2017 నవంబరు నుంచి లినక్స్‌నే వినియోగిస్తున్నాయి. ఆండ్రాయిడ్ ఫోన్లకూ ఆధారం అదే కెర్నల్.

థ్రెడ్ అంటే ఒక ప్రోగ్రాంలో స్వతంత్రంగా సాగిపోగల ఒక పని ధార. ఒకే ప్రోగ్రాం అనేక థ్రెడ్లను నడపగలదు. అయితే ప్రతి థ్రెడ్‌కూ ఖర్చు ఉంటుంది. 64-బిట్ ఇంటెల్, ఏఎండీ యంత్రాలపై లినక్స్ ఒక్కో థ్రెడ్‌కు కెర్నల్ లోపల 16 కిలోబైట్ల స్టాక్‌ను కేటాయిస్తుంది. 10,000 థ్రెడ్లు పుడితే స్టాక్ ఒక్కదానికే దాదాపు 160 మెగాబైట్ల మెమరీ పోతుంది. వాటిని వంతులవారీగా ప్రాసెసర్‌పైకి ఎక్కించి దించే శ్రమ దీనికి అదనం. పైగా ప్రతి థ్రెడ్‌కూ ఒక గుర్తింపు సంఖ్య కావాలి. 64-బిట్ యంత్రాలలో ఆ సంఖ్యలకు లినక్స్ అనుమతించే గరిష్ఠ హద్దు 41,94,304. అదుపు లేకుండా థ్రెడ్లు పెరిగితే ఒక్క ప్రోగ్రాం మొత్తం యంత్రాన్ని ఊపిరాడకుండా చేయగలదు. అందుకే పరిమితులు పుట్టాయి.

పరిమితిని తాకితే ఏమవుతుందో 2020 నవంబరు 25న ప్రపంచం చూసింది. అమెరికాలోని ఉత్తర వర్జీనియాలో అమెజాన్ వెబ్ సర్వీసెస్ నిర్వహించే కైనెసిస్ అనే సేవ ఆ రోజు కుప్పకూలింది. ఆ సేవకు ముందు వరుసలో ఉండే ప్రతి సర్వర్ మిగిలిన ప్రతి సర్వర్‌తో మాట్లాడేందుకు ఒక్కో థ్రెడ్‌ను ఉంచుకునేది. సామర్థ్యం పెంచేందుకు కొన్ని సర్వర్లను అదనంగా చేర్చడంతో, పాత సర్వర్లన్నింటిలోనూ థ్రెడ్ల సంఖ్య పెరిగి ఆపరేటింగ్ సిస్టమ్ అమరికలో ఉన్న గరిష్ఠ పరిమితిని దాటింది. పసిఫిక్ కాలమానం ప్రకారం తెల్లవారుజామున 2.44కు మొదలైన ఆ చేర్పు 3.47కు ముగిసింది. సేవ పూర్తిగా కోలుకునేసరికి రాత్రి 10.23 అయింది. కైనెసిస్‌పై ఆధారపడిన ఇతర సేవలూ గంటల తరబడి తడబడ్డాయి. తగిన పరీక్షలు లేకుండా పరిమితిని పెంచడం క్షేమం కాదని భావించి, కొత్తగా చేర్చిన సర్వర్లను తొలగించి, మిగిలిన వాటిని విడతలవారీగా పునఃప్రారంభించినట్లు ఆ సంస్థ తన వివరణలో పేర్కొంది.

అక్కడ కెర్నల్ లోపం ఏమీ లేదు. పరిమితి తన పని తాను చేసింది. దాని ఉనికి మీద ఎవరికీ దృష్టి లేకపోవడమే సమస్య అయింది. కెర్నల్‌లో బయటపడిన లోపం దీనికి పూర్తిగా భిన్నమైనది. అక్కడ పరిమితి అందరికీ తెలుసు, పత్రాలలో రాసి ఉంది, కానీ థ్రెడ్లు దానిని దాటి పుట్టగలిగేవి.

ఐఓ-యూరింగ్: ఎదురుచూపు లేని విధానం

లోపం తలెత్తిన చోటును అర్థం చేసుకోవాలంటే ఐఓ-యూరింగ్ అనే సదుపాయం గురించి కొంత తెలియాలి. సాధారణంగా ఒక ప్రోగ్రాం ఫైలు చదవమని కెర్నల్‌ను కోరితే, సమాచారం డిస్కు నుంచి వచ్చేదాకా అది అక్కడే నిలిచిపోతుంది. డెన్మార్క్‌కు చెందిన ప్రముఖ కెర్నల్ రచయిత యెన్స్ ఆక్స్‌బో ఈ నిరీక్షణను తప్పించేందుకు ఐఓ-యూరింగ్‌ను రూపొందించారు. 2019 మే నెలలో విడుదలైన లినక్స్ 5.1 ద్వారా అది అందరికీ అందుబాటులోకి వచ్చింది. ఇందులో ప్రోగ్రాంకు, కెర్నల్‌కు ఉమ్మడిగా రెండు వలయాకార వరుసలు ఉంటాయి. ప్రోగ్రాం తన కోరికలను ఒక వరుసలో పెట్టి తన దారిన పోతుంది. పూర్తయిన పనుల ఫలితాలను కెర్నల్ రెండో వరుసలో పెడుతుంది.

అయితే కొన్ని పనులు తక్షణం పూర్తి కావు. ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు ఆగి ఎదురుచూడక తప్పదు. ఆ బాధ్యతను కెర్నల్ వర్కర్ థ్రెడ్లకు అప్పగిస్తుంది. వీటిని నడిపే భాగానికి ఐఓ-డబ్ల్యూక్యూ అని పేరు. వర్కర్లు రెండు తరగతులు. సాధారణ ఫైళ్లు, డిస్కుల వంటి, ఎప్పటికైనా ముగుస్తాయని నమ్మదగిన పనులకు ఒక తరగతి. నెట్‌వర్క్ సాకెట్ల వంటి, అవతలివారు స్పందించేదాకా ఎంతకాలమైనా సాగగల పనులకు మరొకటి. మొదటి తరగతికి అప్రమేయంగా వర్తించే పరిమితి ప్రాసెసర్ల సంఖ్యకు నాలుగు రెట్లు, లేదా కోరికల వరుస పరిమాణం, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది. 8 ప్రాసెసర్లున్న యంత్రంలో 128 స్థానాల వరుసను తెరిస్తే 32 మంది వర్కర్లు, 16 స్థానాల వరుసను తెరిస్తే 16 మంది. రెండో తరగతికి, ఆ వినియోగదారుకు మొత్తంగా అనుమతించిన ప్రాసెస్‌ల సంఖ్యే హద్దు. అది తరచూ వేలల్లో ఉంటుంది.

2021 ఏప్రిల్‌లో విడుదలైన లినక్స్ 5.12లో ఈ వర్కర్ల స్వరూపం మారింది. అంతకుముందు అవి కెర్నల్ సొంత థ్రెడ్లు. ఆ తరువాత అవి కోరిక పెట్టిన ప్రోగ్రాంకే చెందిన థ్రెడ్లుగా పుట్టడం మొదలైంది. భద్రతాపరంగా ఇది మేలైన మార్పు, ఎందుకంటే వర్కర్‌కు ఆ ప్రోగ్రాం అధికారాలు తప్ప వేరే అధికారాలు ఉండవు. అయితే ఇంత పెద్ద మార్పు తరువాత వర్కర్లను పుట్టించే దారులన్నింటినీ మళ్లీ సరిచూసుకోవలసిన అవసరం ఏర్పడింది. ఆగస్టు లోపాలు ఆ సరిచూపులోనే బయటపడ్డాయి.

ఒక విస్తరి, ఇద్దరు అతిథులు

వర్కర్‌ను పుట్టించే ముందు కెర్నల్ రెండు అంకెలను పోలుస్తుంది. ప్రస్తుతం ఎంతమంది ఉన్నారు, గరిష్ఠంగా ఎంతమంది ఉండవచ్చు. తక్కువగా ఉంటే కొత్త వర్కర్ పుడతాడు. లెక్క ఇంతే. అయినా తప్పింది.

పెళ్లి భోజనాల బంతిని తలచుకుంటే విషయం సులభంగా బోధపడుతుంది. పందిరికి రెండు ద్వారాలు, ఒక్కో ద్వారం దగ్గర ఒక్కో మనిషి. బంతిలో 40 విస్తళ్లు వేశారు, 39 మంది కూర్చున్నారు. ఇద్దరు కాపలాదారులూ ఒకే క్షణంలో లోపలికి చూస్తారు, ఇద్దరికీ ఒక ఖాళీ విస్తరి కనిపిస్తుంది, ఇద్దరూ చెరొక అతిథిని పంపుతారు. ఎవరి లెక్కా తప్పు కాదు. కానీ లోపల 41 మంది. కెర్నల్‌లో సరిగ్గా ఇదే జరగగలిగేది. అసలు ప్రోగ్రాం ఒక ప్రాసెసర్‌పై కొత్త పనిని చేరుస్తుండగా, అదే సమయంలో వేరొక ప్రాసెసర్‌పై ఒక వర్కర్ తాను ముగించిన పనికి అనుబంధంగా ఉన్న మరో పనిని వరుసలో పెట్టవచ్చు. రెండు చోట్లా సంఖ్యను చూడడం, పెంచడం వేర్వేరు అడుగులుగా, తాళం లేకుండా జరిగేవి. చూసిన క్షణానికీ పెంచిన క్షణానికీ మధ్య ఉన్న సందులో రెండోవాడు దూరిపోయేవాడు.

సవరణ ఏమిటంటే, లెక్క చూసే ముందు లాక్ వేయడం, చోటు ఉంటే అక్కడికక్కడే సంఖ్యను ఒకటి పెంచి, లాక్ తీసి, ఆ తరువాత వర్కర్‌ను పుట్టించడం. అంటే అతిథి కూర్చోకముందే విస్తరిని అతని పేర రాసివేయడం. దీనికీ ఒక ఇబ్బంది ఉంది. పేరు రాయించుకున్న అతిథి చివరి నిమిషంలో రాకపోవచ్చు. మెమరీ చాలక వర్కర్ పుట్టుక విఫలమైతే, ఆ కొద్ది వ్యవధిలో వచ్చిన రెండో కోరిక చోటు లేదనుకుని వెనుదిరుగుతుంది. నిజానికి చోటు ఉంది. సవరణ రచయిత ఈ సంగతిని సవరణ వెంట ఉంచిన వివరణలోనే రాసి, అలా జరిగే అవకాశం చాలా స్వల్పమని పేర్కొన్నారు. తెలిసిన లొసుగును దాచకుండా రాసి ఉంచడం కెర్నల్ రచనలోని మంచి సంప్రదాయాలలో ఒకటి. తరువాత వచ్చేవారికి అది ఎంతో అక్కరకు వస్తుంది.

వర్కర్లను పుట్టించే దారి మరొకటి కూడా ఉంది. పనిచేస్తున్న వర్కర్ డిస్కు కోసం ఎదురుచూస్తూ నిద్రలోకి జారుకున్నప్పుడు, వరుసలో ఇంకా పనులుండి, వాటిని చేసేందుకు మేలుకొని ఉన్నవారెవరూ లేకపోతే, కెర్నల్ మరొకరిని పుట్టిస్తుంది. ఈ దారిలో గరిష్ఠ పరిమితి పరీక్షే లేదని అదే నెలలో తేలింది. పరీక్షను చేరుస్తూ ఒక సవరణ వచ్చింది. కొద్ది రోజులకే ఆ సవరణలో లోపం కనిపించింది. పరీక్ష జరుగుతోంది, పరిమితి లోపల ఉంటే సంఖ్య పెరుగుతోంది, కానీ పరీక్ష ఫలితం ఏదైనప్పటికీ వర్కర్‌ను పుట్టించమనే ఆదేశం మాత్రం తరువాతి పంక్తిలో యథాతథంగా అమలవుతోంది. ద్వారం దగ్గరి మనిషి బంతి నిండిందని చూసి, నిండిందని గ్రహించి, అయినా అతిథిని లోపలికి పంపినట్లు. దీనిని సరిచేసేందుకు అవునో కాదో గుర్తుంచుకునే ఒక చిన్న చలరాశి సరిపోయింది. పరీక్ష నెగ్గితే అది అవును అవుతుంది, అవును అయితేనే వర్కర్ పుడతాడు.

ఇటువంటి పొరపాటు అనుభవజ్ఞుల కంటపడకుండా పోవడం వింతగా తోచవచ్చు. కానీ చదివే కంటికి అక్కడ పరీక్ష కనిపిస్తుంది, పక్కనే లాక్ కనిపిస్తుంది. ఉండవలసినవన్నీ ఉన్నాయి. ఒక ఆదేశం కుండలీకరణాల లోపల ఉందా, బయట ఉందా అన్నది మాత్రమే తేడా. పైగా ఇలాంటి లోపం యంత్రాన్ని వెంటనే పడగొట్టదు. ప్రోగ్రాం సరైన ఫలితాలే ఇస్తుంది. థ్రెడ్లు కాసిని ఎక్కువ ఉంటాయి, అంతే. పని లేని వర్కర్లు సుమారు ఐదు సెకన్ల తరువాత వాటంతట అవే నిష్క్రమిస్తాయి కనుక, ఎవరైనా లెక్కించేందుకు వచ్చేసరికి ఆనవాళ్లు కూడా మిగలకపోవచ్చు. భారం విపరీతంగా పెరిగిన రోజున మాత్రమే అసలు నష్టం కనబడుతుంది. ఈ సవరణలన్నీ 2021 ఆగస్టు 29న లినక్స్ 5.14 విడుదలయ్యేలోగానే అందులో చేరిపోయాయి.

సమానమా, ఎక్కువా

ఆ తరువాతి కూర్పు అయిన లినక్స్ 5.15, 2021 అక్టోబరు 31న వెలువడింది. వర్కర్ల పరిమితిని ప్రోగ్రాం స్వయంగా మార్చుకునే సౌలభ్యాన్ని అది తొలిసారిగా కల్పించింది. డేటాబేస్ వంటి ప్రోగ్రాంలకు ఇది ఎంతో కాలంగా అవసరమైనది. కానీ మారదనుకున్న అంకె మారడం మొదలయ్యేసరికి పాత పరీక్షలు కొన్ని బలహీనమయ్యాయి.

వర్కర్ల సంఖ్య పరిమితికి సరిసమానమైతే ఆగిపో అన్నది పాత నియమం. పరిమితి స్థిరంగా ఉన్నంతకాలం ఇది చాలు, ఎందుకంటే ఒక్కొక్కటిగా పెరిగే సంఖ్య ఆ అంకెను తాకక తప్పదు. కానీ 30 మంది వర్కర్లు పనిలో ఉండగా ప్రోగ్రాం పరిమితిని 8కి తగ్గిస్తే? 30 ఎన్నడూ 8కి సమానం కాదు. కనుక ఆగమనే సూచన రాదు, 31వ వర్కర్ పుడతాడు, 32వ వర్కర్ కూడా పుడతాడు. పరిమితిని తగ్గించడమే పరిమితిని తొలగించడంతో సమానమయ్యే విచిత్ర స్థితి అది. సమానం అన్న గుర్తును సమానం లేదా ఎక్కువ అని మార్చడంతో సమస్య తీరింది. 5.15 విడుదలకు ముందే అక్టోబరులో ఈ మార్పు జరిగింది.

విడుదల తరువాత బయటపడిన చివరి లోపం పెద్ద యంత్రాలకు సంబంధించినది. రెండు లేదా అంతకుమించి ప్రాసెసర్ చిప్‌లు ఉన్న సర్వర్లలో ప్రతి చిప్‌కు దగ్గరగా కొంత మెమరీ ఉంటుంది. ఈ అమరికను న్యూమా అని, ఒక్కో భాగాన్ని ఒక నోడ్ అని పిలుస్తారు. అప్పట్లో ఐఓ-డబ్ల్యూక్యూ ప్రతి నోడ్‌కూ వేరుగా వర్కర్ల సమూహాన్ని, వేరుగా పరిమితిని ఉంచేది. కనుక ప్రోగ్రాం కొత్త పరిమితిని ఇచ్చినప్పుడు కెర్నల్ ఒక్కో నోడ్ దగ్గరకు వెళ్లి దానిని రాయాలి. దానితో పాటు పాత పరిమితి ఎంతో ప్రోగ్రాంకు తిరిగి చెప్పాలి.

చిక్కంతా ఈ రెండో పనిలో ఉంది. వచ్చిన ఆదేశానికీ, పంపవలసిన జవాబుకూ కెర్నల్ ఒకే పలకను వాడింది. పాత పరిమితి 64 ఉన్న రెండు నోడ్ల యంత్రానికి 8 అని ఆదేశం వచ్చిందనుకుంటే, మొదటి నోడ్‌కు 8 అని రాసిన మరుక్షణమే పలక మీది 8ని తుడిచి, జవాబుగా 64 అని రాశారు. అదే పలకను పట్టుకుని రెండో నోడ్ దగ్గరకు వెళ్లారు. అక్కడ దానికి 64 అనే ఆదేశం అందింది. ప్రోగ్రాంకు మాత్రం పని విజయవంతమైందన్న సమాచారమే చేరుతుంది. ఒకే చిప్ ఉన్న వ్యక్తిగత కంప్యూటర్లలో నోడ్ ఒక్కటే కాబట్టి అక్కడ ఈ లోపం అసలు కనిపించదు. 2021 నవంబరు మొదటి వారంలో చేసిన సవరణ పాత విలువలను వేరే పలకలో దాచి, నోడ్లన్నీ పూర్తయ్యాక మాత్రమే జవాబును రాసేలా క్రమాన్ని మార్చింది. అప్పటికే విడుదలైన 5.15కు కూడా స్థిర కూర్పుల ద్వారా ఆ సవరణ అందింది. కెర్నల్ సంప్రదాయం ప్రకారం ఇటువంటి సవరణలో, లోపాన్ని తెచ్చిన పాత మార్పు ఏదో దాని గుర్తింపు సంఖ్యతో సహా ఉటంకిస్తారు. ఏ ఏ పాత కూర్పులకు సవరణ అవసరమో నిర్వాహకులు దాని ఆధారంగానే తేల్చుకుంటారు.

ఇక్కడ ఒక వివరణ అవసరం. ఇవి దాడులకు దారితీసిన లోపాలుగా నమోదైనవి కావు. ఐఓ-యూరింగ్‌పై భద్రతాపరమైన ఆందోళనలు వేరుగా ఉన్నాయి. కెర్నల్ లోపాలను పట్టి ఇచ్చేవారికి తాము నిర్వహించే బహుమతి పథకానికి వచ్చిన దాఖలాలలో 60 శాతం ఐఓ-యూరింగ్‌ను ఆసరా చేసుకున్నవేనని 2023 జూన్‌లో గూగుల్ వెల్లడించింది. ఆండ్రాయిడ్ యాప్‌లకు ఆ సదుపాయం అందకుండా నిరోధించినట్లు, క్రోమ్ ఓఎస్‌లో దానిని నిలిపివేసినట్లు కూడా తెలిపింది. కనుక పైన చెప్పిన లోపాల ప్రభావం ఫోన్ల మీద కంటే సర్వర్ల మీదనే ఎక్కువ.

సర్వర్లను నిర్వహించేవారికి కెర్నల్ లోపలి లెక్క ఒక్కటే దిక్కు కాదు. వినియోగదారుకు ఉండగల ప్రాసెస్‌ల సంఖ్యపై ఆపరేటింగ్ సిస్టమ్ విధించే హద్దు ఉంది. 2015లో లినక్స్ 4.3తో వచ్చిన నియంత్రణ మరొకటి ఉంది. దాని ద్వారా ఒక సేవకు చెందిన థ్రెడ్లన్నింటినీ ఒక గుంపుగా కట్టి, ఆ గుంపుకు మొత్తంగా ఒక గరిష్ఠ సంఖ్యను నిర్ణయించవచ్చు. లినక్స్ 5.12 తరువాత వర్కర్లు ఆయా ప్రోగ్రాంల థ్రెడ్లుగానే లెక్కకు వస్తున్నందున, ఐఓ-డబ్ల్యూక్యూ లెక్క తప్పినా ఈ బయటి హద్దు వాటిని ఆపుతుంది. థ్రెడ్ల జాబితాను పరిశీలిస్తే ఈ వర్కర్ల పేర్లు ‘ఐఓయూ-డబ్ల్యూఆర్‌కే’ అన్న అక్షరాలతో మొదలై కనిపిస్తాయి. వాటిని లెక్కించి, అనుమతించిన అంకెతో పోల్చుకోవడం పెద్ద శ్రమ కాదు. అయితే 5.15 నుంచి వచ్చిన అమరికలోని అంకె ఒక్కో నోడ్‌కు వర్తించేదన్న సంగతి మరువకూడదు. రెండు నోడ్ల యంత్రంలో 8 అని నిర్ణయించి 16 మంది వర్కర్లను చూసి అది లోపమని భావిస్తే పొరపాటే.

నోడ్లవారీ ఏర్పాటు చివరకు ఎక్కువ కాలం నిలవలేదు. వర్కర్లు ఒక ప్రోగ్రాంకే చెందినవి అయ్యాక, ఆ ప్రోగ్రాం సాధారణంగా ఒకే నోడ్‌పై నడుస్తుందని, మిగిలిన నోడ్ల సమూహాలు చాలావరకు ఖాళీగా పడి ఉంటున్నాయని రచయితలు గమనించారు. 2023లో వెలువడిన లినక్స్ 6.4 నుంచి అన్ని నోడ్లకూ కలిపి ఒకే సమూహం, ఒకే లెక్క ఉన్నాయి. నోడ్ నుంచి నోడ్‌కు పలకను మోసుకెళ్లే ఆ పంక్తులు ఇప్పుడు కెర్నల్‌లో లేవు.